పెట్టె యొకటి, ప్రతులు మూడు

పెదబయలు మన్యములో ఒక ఉపాధ్యాయుడు గూడెము గూడెమునకు పోయి, వృద్ధులు కువి భాషలో పాడిన పాటలను ల్యాప్‌టాప్‌లో భద్రపరచుచున్నాడనుకొందము. వానకాలపు రాత్రి పిడుగుపడి యంత్రము మూగవోయినది. పాటల గతి యేమి?

వెనుకటి యంత్రములలోనైతే నాలుగు మరలు విప్పి, హార్డ్‌డిస్క్‌ను వెలికి తీసి, వేరొక యంత్రమునకు తగిలించి చదువుకొనెడివారము. నేటి పలుచని ల్యాప్‌టాప్‌లు పెక్కింటిలో ఆ సౌకర్యము లేదు. ఆపిల్ వారి మాక్‌బుక్‌లో 2015 నాటికే సమాచారము దాచు చిప్పులను మదర్‌బోర్డుకే అతికివేసిరి. చౌక ల్యాప్‌టాప్‌లలోని ఈఎంఎంసీ చిప్పులును అట్టివే. పైగా అనేక యంత్రములలో సమాచారము రహస్యలిపిలో నుండును. దాని తాళపుచెవి ఆ యంత్రముననే యుండును. చిప్పును ఊడదీసినను అక్షరము తెలియదు.

కావున, పిదప తీయుటకు వీలులేని దానిని ముందే తీసి యుంచుకొనవలెను. ఇది మన పెద్దలెరుగని నీతి కాదు. తాటాకు శిథిలమగునని యెరిగి వారు మరల మరల ప్రతులు వ్రాయించిరి. సి. పి. బ్రౌన్ (1798–1884) లేఖకులను నియమించి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించినది ఇందుకే.

మూడు ప్రతులుండుట మేలు. ఒకటి ల్యాప్‌టాప్‌లో, రెండవది విడి హార్డ్‌డిస్క్‌లో. పని కాగానే దానిని యంత్రమునుండి తీసివేయవలెను. లేనిచో ఒకే పిడుగు రెంటిని కబళించును. మూడవది వేరొక ఊరిలో. కొండలలో సిగ్నల్ అందనిచో, పాడేరు పోయినప్పుడు బంధువులయింట మరొక డిస్క్ ఉంచవచ్చును. క్లౌడ్‌తో జతపరచుట మాత్రమే చాలదు. ఇక్కడ పొరపాటున చెరిపినది అక్కడను చెరిగిపోవచ్చును.

ప్రతి తీసిన పిమ్మట వేరొక యంత్రముపై తెరచి, ఒక పాటనైనను వినుడు. తెరచి చూడని ప్రతిని నమ్మరాదు. రహస్యలిపిని విప్పు రికవరీ కీని కాగితముపై వ్రాసి, ల్యాప్‌టాప్ సంచిలో గాక వేరుగా దాచుడు. తెర మాత్రమే చెడినచో నిరాశ వలదు. ల్యాప్‌టాప్‌ను టెలివిజన్‌కు తగిలించి చూడుడు. దృశ్యము వచ్చినచో, మరమ్మతునకు ఇచ్చుటకు ముందే ప్రతి తీసికొనుడు.

యంత్రము పోయిన మరొకటి కొనవచ్చును. పాడిన అవ్వ కాలము చేసిన, ఆ పాటను మరల ఎవరు పాడుదురు? ఈ రాత్రియే ఒక ప్రతి తీయుడు.