తోడుండటం అంటే ఒక్కదాన్నే మొయ్యటం కాదు
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పోయినేడు ఇదే సమావేశంలో మా సంఘం పొదుపు లెక్కలు చదివాను. ఈసారి లెక్కలు కాకుండా మా ఇంట్లో జరిగింది చెప్పమన్నారు. నేను పదో తరగతి వరకే చదివాను. తప్పులుంటే సర్దుకోండి.

మాది పేరాల. మా ఆయన మగ్గం నేస్తాడు, నేను కండెలు చుడతాను. సంక్రాంతి తర్వాత ఆయన గొంతు బొంగురుపోయింది. నూలు దుమ్మనుకున్నాం, పడిశం అనుకున్నాం. దగ్గర్లో బిళ్ళలు తెచ్చి వేసుకుంటా నెలన్నర గడిపాం. బీడీలు మాత్రం ఆగలేదు. ఆఖరికి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపిస్తే గొట్టం పెట్టి చూసి గుంటూరు వెళ్ళమన్నారు. అక్కడ ముక్క తీసి పరీక్షకి పంపారు. గొంతు క్యాన్సర్ అని తేలింది. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే చూపించుకోవాలంట. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది.

ఆ మాట విన్నాక ఆయన నన్ను అడిగింది ఒకటే: "మగ్గం మీద చీర ఇంకా ఎన్ని మూరలుంది?" నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చీరాల బస్సులో రెండు గంటలూ ఆ బీడీల గురించే తిట్టా. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత ఆసుపత్రిలో ఒక సిస్టరమ్మ చెప్పింది, "ఎందుకొచ్చిందని తిట్టి లాభం లేదమ్మా. ఇక ముట్టకుండా చూడు, అది మందుతో సమానం" అని. ఆ రెండు గంటల తిట్లు ఇప్పటికీ నన్ను గుచ్చుతానే ఉన్నాయి.

నేను చేసిన రెండో తప్పు దాచటం. నెల రోజులు మా సంఘంలో ఎవరికీ చెప్పలేదు. అమ్మాయి ఇంటరు చదువుతోంది, రేపు సంబంధాలకి అడ్డమొచ్చిద్దేమో అనుకున్నా. అంటుకునే జబ్బని గ్లాసు వేరే పెడతారేమో అనుకున్నా. క్యాన్సర్ అంటుకోదు, ఆయన తాగిన గ్లాసుతో తాగితే రాదు. అయినా జనం అంటారని భయం. అన్నిటికన్నా, నేను లీడర్ని. అందరి వాయిదాలు వసూలు చేసేదాన్ని, నేనే చెయ్యి చాపితే ఏమనుకుంటారు?

అందుకని బయట నూటికి అయిదు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చా. వైద్యం కార్డు మీదే అవుతుందిలే. 2007లో ఆరోగ్యశ్రీ అని మొదలైంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కానీ బస్సు ఛార్జీలు, అక్కడ ఉండటం, తిండి, ఇక్కడ మగ్గం ఆగిపోవటం, ఇవి కార్డు మీద రావుగా. నెల తిరిగేసరికి వడ్డీయే 2,000 కట్టా.

ఆ నెల మీటింగులో అందరి వాయిదాలు రాసి, నాది రాయకుండా పుస్తకం మూసేశా. మా సంఘంలో ఒక వదిన ఉంది, పెద్దావిడ. పుస్తకం తీసి చూసింది. "మాది ఒక్క రోజు ఆలస్యమైతే ఇంటికొచ్చి అడుగుతావు గందా అమ్మాయ్, నీది మేం అడక్కూడదా?" అంది. ఎగతాళిగా కాదు, నా మొహం చూసే అడిగింది. అప్పుడు చెప్పా. చెప్పి ఏడ్చా.

ఆ సాయంత్రమే సంఘం నిధిలోంచి రూపాయి వడ్డీకి 40,000 ఇవ్వటానికి తీర్మానం రాశారు. బయట అప్పు తీర్చేశా. నెలకి 2,000 వడ్డీ కాస్తా 400 అయింది. మగ్గం మీద మిగిలిన చీర ఒకామె భర్త నేసిపెట్టాడు. ఇంకొకామె చిన్నోడికి అన్నం పెట్టే పని తీసుకుంది. గుంటూరులో కొడుకున్న అక్క మాకు అక్కడ గది చూపించింది.

మా ఆయనకి మాత్రం కోపమొచ్చింది. "నన్ను బజార్లో పెట్టావు" అని ఒక రోజంతా మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం ఆయనతో నేసే ఇద్దరు వచ్చి పక్కన కూర్చున్నారు. జబ్బు మాటే ఎత్తలేదు, నూలు రేటు మాట్లాడుకున్నారు. వాళ్ళు వెళ్ళాక ఆయనే అన్నాడు, "చెప్పటమే మంచిదయిందిలే." ఆయన్ని అడక్కుండా అందరికీ చెప్పటం నా తప్పే. ముందు ఆయనతో అని, తర్వాత చెప్పాల్సింది.

ఇక వైద్యం మొదలయ్యేటప్పుడు నేను తెలుసుకున్నవి కొన్ని. మీలో ఎవరికీ అవసరం రాకూడదు, వస్తే పనికొస్తాయి.

కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. ఆధార్, రేషన్ కార్డు, ముక్క పరీక్ష రిపోర్టు, స్కానులు. జెరాక్సులు వేరే సంచిలో ఉంచండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు, ముందు వాళ్ళని కలవండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనే నాట్కో వాళ్ళు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. ప్రైవేటుకి పరిగెత్తే ముందు అక్కడ కూడా అడగండి. రైల్లో వెళ్తే రోగికీ, తోడు వెళ్ళే ఒకరికీ టిక్కెట్టులో రాయితీ ఉంది. ఆసుపత్రి వాళ్ళు సంతకం, ముద్ర వేసిన ఫారం చూపించాలి.

డాక్టరు చెప్పేది ఆ భయంలో చెవికెక్కదు. సంఘం పుస్తకం రాసినట్టే నేనొక నోటు పుస్తకం పెట్టా. అడగాల్సినవి ముందే రాసుకెళ్ళేదాన్ని, చెప్పింది అక్కడే రాసుకునేదాన్ని.

మా ఆయనకి కరెంటు పెట్టటం 35 సార్లు అన్నారు. వారానికి అయిదు రోజులు, ఏడు వారాలు. వారానికోసారి సెలైన్లో కీమో మందు. కరెంటుకి ముందు పళ్ళ డాక్టరు చూసి, పుచ్చినవి తీసేశారు. మొహానికి సరిపోయేట్టు మాస్కు చేశారు. అది పెట్టి బల్లకి బిగిస్తే ఆయనకి ఊపిరాడనట్టయ్యేది. మొదటి రెండు వారాలు బాగానే ఉన్నాడు, ఇంతేగా అనుకున్నాం. మూడో వారం నుంచి గొంతు పచ్చి పుండయింది, ఉమ్మి మింగినా మంటే. "ఇక చాలు, ఇంటికి పోదాం" అన్నాడు. మధ్యలో ఆపితే ఫలితం తగ్గిద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఒక్కొక్క రోజూ క్యాలెండర్లో కొట్టేసి చూపించేదాన్ని.

కారం లేకుండా వండటం మనకి తెలీదు గదా. ఒక రోజు అలవాటున పప్పులో మిరపకాయ వేశా. ఒక్క ముద్దకే ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఆ రోజు నుంచి ఆయనకి గిన్నే వేరు. రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, ఉడికించిన గుడ్డు పాలల్లో కలిపి, కొంచెం కొంచెం, రోజుకి ఆరేడు సార్లు. కీమో నడిచేటప్పుడు జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఎవరో చెప్పిన ఆకు మందులు డాక్టరుకి చెప్పకుండా పెట్టకూడదు.

ఇంకొక మాట. ఒక రాత్రి ఆయన "నేను పోతే ఏం చేస్తావు?" అన్నాడు. "ఛీ, అవేం మాటలు" అన్నా. ఆయన నోరు మూసుకున్నాడు. వారం తర్వాత మళ్ళీ అడిగాడు. ఈసారి నేనేమీ అనలేదు, చెయ్యి పట్టుకుని కూర్చున్నా. అప్పుడు చెప్పాడు. మగ్గం అమ్మొద్దన్నాడు. అమ్మాయి చదువు ఆపొద్దన్నాడు. చెప్పేసి నిద్రపోయాడు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నిద్రపోయాడు. ధైర్యం చెప్పటం కన్నా వినటం కష్టం అక్కా. కానీ ఆయనకి కావాల్సింది అదే.

35 అయిపోయి రెండు నెలలయింది. స్కాను వచ్చే నెల. ఏమొచ్చిద్దో తెలియదు. గొంతు ఇంకా సన్నగానే ఉంది, రోజుకి రెండు గంటలు మగ్గం దగ్గర కూర్చుంటున్నాడు. బీడీ ముట్టలేదు.

సమాఖ్యని నేను అడిగేది రెండే. ప్రతి సంఘం నెల మీటింగులో వాయిదాలు రాసే ముందు "ఇంట్లో అందరూ ఎట్టా ఉన్నారు?" అని ఒక్కొక్కరినీ అడగండి. లీడర్ని కూడా అడగండి. రెండోది, వైద్యానికి పోయే ఇంటికి దారి ఖర్చులకి ఆ రోజే ఇచ్చేట్టు ప్రతి సంఘం నిధిలో కొంత పక్కన పెట్టండి. ఆ కొంచెం లేకే మనం అయిదు రూపాయల వడ్డీ గుమ్మం ఎక్కుతాం.

మనలో ముప్పై దాటినవాళ్ళం మన సంగతి కూడా చూసుకోవాలి. రొమ్ములో గడ్డ తగిలినా, నెలసరి ఆగిపోయాక మళ్ళీ రక్తం కనపడినా సిగ్గుపడి దాచొద్దు. దాచిన నెల రోజులకి నేను కట్టింది 2,000. జబ్బు దాస్తే కట్టాల్సింది డబ్బు కాదు.