మన ఓట్లు గంపగుత్తకు లేవు

(అడవి అంచు పల్లెల దళితవాడల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని. సర్కారు జీతం తింటున్నోణ్ణి. ఫలానా గుర్తుకు ఓటెయ్యమని చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ ఓటడగ వచ్చినోణ్ణి మనం ఏమడగాలో మాట్లాడుకుంటే ఏ చట్టమూ అడ్డం రాదు.

ఎలక్షన్లొస్తే మన వాడకు కార్లొస్తయి. అభ్యర్థి ముసలమ్మ కాళ్ళకు మొక్కుతడు. పసిపిల్లను ఎత్తుకుంటడు. మన ఇంట్ల చాయ తాగి ఫోటో దిగుతడు. అదంతా పగటి వేషం. పొద్దుగూకినంక ఇంకో మనిషి వస్తడు. వాడు మన గడప తొక్కడు. మన పెద్దమనుషులను ఇద్దరిని తోటకాడికి పిలిపిస్తడు. "మీ వాడల ఎన్ని ఓట్లు? మొత్తానికి ఎంత?" అంటడు. మామిడితోట గుత్తకు మాట్లాడుకున్నట్టు! తోటను గుత్తకిచ్చేటప్పుడు కాయల్ని ఎవరూ అడగరు. మనం కాయలమా, మనుషులమా?

మనమున్న చోటు ఒకసారి చూడండి. భద్రాచలం, పినపాక, ఇల్లెందు, అశ్వారావుపేట, వైరా అసెంబ్లీ సీట్లు గిరిజనులకు రిజర్వు. మధిర, సత్తుపల్లి మనకు రిజర్వు. షెడ్యూల్డు ఏరియా పంచాయతీల్లో 1996 పెసా చట్టం ప్రకారం సర్పంచి పదవి గిరిజనులదే. అది న్యాయం. కోయలు, కొండరెడ్లు ఈ అడవికి మొదటి మనుషులు. వాళ్ళ కుర్చీ మీద మనకు కన్ను లేదు. కానీ ఓట్లప్పుడు మన దగ్గర "కోయోళ్ళ వల్లే మీకు పట్టాల్లేవు" అనేటోడు, గూడేనికి పోయి "మాలమాదిగలు మీ అడవి నరుకుతున్నరు" అంటడు. 1970 నాటి 1/70 చట్టం ఉండగానే ఏజెన్సీల మాగాణి ఎవరి చేతుల్లోకి పోయింది? అందులో మన జీతగాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నయి? ఆ లెక్క తియ్యమంటే వాడి నోరు పడిపోతది.

మన అసలు గోస భూమి. 2006 అటవీ హక్కుల చట్టంలో గిరిజనులు 2005 డిసెంబర్ 13కు ముందు సాగులో ఉంటే చాలు. మనలాంటి గిరిజనేతర పేదలు మాత్రం ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏండ్లుగా, అడవిని నమ్ముకొని ఉన్నట్టు చూపాలి. 1930 నాటి కాగితం మన తాతల దగ్గర ఎక్కడిది? చదువే లేనోళ్ళకు కాగితమేంది! 2023 జూన్‌లో గిరిజన రైతులకు సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలిచ్చారు. సంతోషం. మన మాట మాత్రం పక్కకు పోయింది.

అయితే ఒకటి వినండి. ఆ చట్టం రూల్సులోనే సాక్ష్యమంటే ఒక్క కాగితం కాదని ఉంది. హక్కు అడిగే మనిషి కాక వేరే పెద్దలు చెప్పిన మాట రాసుకుంటే సాక్ష్యం. పాత బావి సాక్ష్యం. గట్లు, చదును చేసిన చేను సాక్ష్యం. మన బొందలగడ్డ సాక్ష్యం. ఇట్లాంటివి ఒకటికి మించి చూపాలి. ప్రతి ఎలక్షన్లో అభ్యర్థి "బొందలగడ్డకు గోడ కట్టిస్త" అంటడు. కట్టనియ్యండి. కానీ ఆ గడ్డలో పండుకున్న మన ముత్తాతలే మన హక్కుకు సాక్షులని వాడు చెప్పడు.

ఆ సాక్ష్యం ఎక్కడ నమోదు కావాలి? గ్రామసభలో. అర్జీ మొదలయ్యేది అక్కడే. సర్పంచిగా నిలబడలేకపోయినా గ్రామసభలో మనమూ సభ్యులమే. అందుకే ఓటడగ వచ్చినోణ్ణి మొదట ఇది అడగండి: "గెలిచినంక గ్రామసభ పెట్టిస్తవా? మా అర్జీలు తీసుకొని రసీదు ఇప్పిస్తవా?"

పథకాలు వద్దని నేననను. 2014లో మూడెకరాలన్నరు. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందర దళితబంధు కింద ఇంటికి 10 లక్షలన్నరు. మన వైపు చింతకాని మండలాన్ని మొత్తం తీసుకున్నరు. 2023లో చేవెళ్ల సభలో ఇంకొకరు 12 లక్షలన్నరు. ఎంతమందికి అందిందో మీ వాడలో మీరే లెక్కేసుకోండి. దయగా ఇచ్చింది దయ తప్పితే పోతది. హక్కుగా రాయించుకున్నది నిలబడతది.

మధిర, సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన చుట్టాలకు ఒక మాట. 1932 పూనా ఒప్పందంతో రిజర్వు సీట్లు 71 నుంచి 148కి పెరిగినయి. కానీ మన ప్రతినిధిని మన ఓట్లతోనే ఎన్నుకొనే హక్కు పోయింది. అందుకే రిజర్వు సీట్లో గెలిచేటోడు కూడా అందరి ఓట్లకు తలవంచాలె. "మనోడే గదా" అని అడగడం మానొద్దు. 2025 వర్గీకరణ చట్టం చదువులకు, ఉద్యోగాలకు సంబంధించింది, సీట్లకు కాదు. దాన్ని చూపించి మాల, మాదిగ వాడలను కొట్లాటకు పెట్టేటోణ్ణి గుర్తుపట్టండి.

"ఎవరికేసినవో మాకు తెలుస్తది" అని బెదిరిస్తరు. అబద్ధం. అసెంబ్లీ ఎలక్షన్ల మిషన్ పక్కన చీటీ ఏడు సెకండ్లు కనపడి పెట్టెలో పడుతది. బయటికి వచ్చేది బూతు లెక్కే, మనిషి లెక్క కాదు. ఇక పైసలంటరా, ఇచ్చినోడూ తీసుకున్నోడూ ఇద్దరూ చట్టం ముందు నేరస్తులే.

కాబట్టి వాడవాడలో ముందు మీటింగు పెట్టుకుందాం. ఆడవాళ్ళు మొదట మాట్లాడాలె. భూమి, బొందలగడ్డ, బోరు, బడి, ఏది ముందో వాళ్ళకే ఎక్కువ తెలుసు. అడగాల్సింది కాగితం మీద రాయాలె. చదువుకున్న మన ఆడపిల్లలు దాన్ని అందరి ముందు చదవాలె. ఏ పార్టీ అభ్యర్థయినా తోటకాడ కాదు, మన వాడ నడుమ, మనతోపాటు నేలమీద కూచొని జవాబు చెప్పాలె. పెద్దమనుషులకు నా మనవి: మీరు మా తరఫున అడగండి, మమ్మల్ని అమ్మకండి.

తునికాకు కట్టకు రేటు కట్టినట్టు మన ఓటుకు రేటు కట్టనియ్యం. పట్టా లేని మన చేతిలో పేరు రాసి ఉన్న కాగితం ఇప్పటికి ఓటరు కార్డు ఒక్కటే. దాంతోటి రెండో కాగితం సంపాదించుకుందాం.

జై భీమ్!