తలాంతును దాచినదెవరు?



వయొలిన్ పడమటి దేశముల వాద్యము. దానిపై మన కర్ణాటక సంగీతమును పలికించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి బాల్యమునుండి చూపు తక్కువ. 1919లో ఆయన, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలుగానున్న విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరవచ్చిరి. పెద్దలు ఆయన వరమును గుర్తించి ఉపాధ్యాయునిగానే నియమించిరి. 1936లో ఆయనే ప్రిన్సిపాలైరి.

నేను అట్లు గుర్తింపలేకపోతిని. మా సంఘములో ఒక బాలుడు ఆరాధనలో వయొలిన్‌పై కీర్తనలు వాయించి, ఇంటియొద్ద జముకుల కథ వరుసలు వాయించెడివాడు. అవి లోకసంబంధమైనవని మందలించితిని. అతడు వాద్యమును పెట్టెలోపెట్టి మరల తీయలేదు.

తలాంతును భూమిలో దాచిన దాసునిగూర్చి ఎన్నో ప్రసంగములు చేసితిని. ఇక్కడ ఆ గుంట త్రవ్వినవాడను నేనే. పెద్దలారా, బిడ్డలను వాయింపనియ్యుడి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.