వాతావరణ సూచకుడి బల్ల మీద
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పెద్దాయన ఉద్యోగం వాతావరణ పటం మీద పెన్సిలుతో మొదలైంది. ఆయన్ని తలుచుకునే సభల్లో తుపానుల గురించో, రుతుపవనాల గురించో మాట్లాడటం ఆనవాయితీ. నేను కాస్త పక్కకు జరిగి, తుపాను మీద కన్నేసి కూర్చునే మనిషి ముందున్న బల్ల గురించి మాట్లాడతాను. ఆ బల్ల మీది సాఫ్ట్‌వేర్‌ను మార్చడానికి పెద్ద ఎత్తున పూనుకున్న దేశం అమెరికా. అక్కడి నేషనల్ వెదర్ సర్వీస్ ఏం చేసిందో, ఎక్కడ తడబడిందో, ఎలా దిద్దుకుందో చాలావరకు ప్రభుత్వ తనిఖీ నివేదికల్లోకి ఎక్కింది. దాపరికం లేని కథ కాబట్టి దాన్నే ఎంచుకున్నాను.

1970ల దాకా అక్కడి కార్యాలయమంటే టెలిటైప్ చప్పుడు. పక్క ఊళ్ళ ఉష్ణోగ్రతలు, గాలులు, పీడనాలు కాగితపు చుట్టల మీద అచ్చయి వస్తుంటే ఎప్పటికప్పుడు చింపి, గోడకు వేలాడే క్లిప్‌బోర్డులకు తగిలించేవారు. పటాలు ఫ్యాక్సిమిలీ యంత్రంలోంచి వచ్చేవి. వాటి మీద సమభార రేఖలు గీయడం సూచకుడి పని. ఒక్కో రేఖా గీస్తున్నప్పుడు వాతావరణం ఆయన తలలోకి ఎక్కేది. ఈ మాట ఇప్పటికీ పాతతరం వాళ్ళు గట్టిగా చెబుతారు. అందులో నిజం ఉందనే నా నమ్మకం.

ఆ కాగితాన్ని తప్పించడానికి 1970ల చివర్లో అఫోస్ అనే వ్యవస్థ వచ్చింది. డేటా జనరల్ సంస్థ తయారుచేసిన ఎక్లిప్స్ మినీకంప్యూటర్లు, ఒకే రంగు తెరలు. అక్షరాలు చూపగలదు, గీతల పటాలు చూపగలదు. ఉపగ్రహ చిత్రం మాత్రం చూపలేదు. దానికి వేరే యంత్రం, రాడార్‌కు ఇంకో తెర. సూచకుడు కుర్చీ జరుపుకుంటూ మూడు చోట్ల చూసినదాన్ని తన తలలోనే ఒకటి చేసుకోవాలి. అయినా దేశమంతటి కార్యాలయాలను ఒకే గొలుసులో కలిపిన ఘనత అఫోస్‌దే. ప్రతి సందేశానికీ అది తొమ్మిది అక్షరాల గుర్తు పెట్టింది. నడుమ మూడక్షరాలు సందేశం ఏ రకమో చెబుతాయి: టీఓఆర్ అని ఉంటే టోర్నడో హెచ్చరిక. చివరి మూడూ అది ఏ చోటికి సంబంధించిందో చెబుతాయి. అఫోస్ యంత్రాలు తుక్కు కింద పోయి పాతికేళ్ళు. ఆ తొమ్మిదక్షరాల గుర్తు మాత్రం ఈ రోజుకీ వాడుకలో ఉంది.

1980లలో పెద్ద ఆలోచన మొదలైంది. కొత్త డాప్లర్ రాడార్లు, యాంత్రిక పరిశీలన కేంద్రాలు, కొత్త ఉపగ్రహాలు, వీటన్నిటినీ ఒకే తెర మీదికి తెచ్చే ఏవిప్స్ అనే వ్యవస్థ. మొత్తం ఆధునికీకరణ ఖర్చు దాదాపు 450 కోట్ల డాలర్లు. రాడార్లు వచ్చాయి, ఉపగ్రహాలు వచ్చాయి. ఏవిప్స్ రాలేదు. 1992లో పీఆర్‌సీ అనే సంస్థకు కాంట్రాక్టు ఇచ్చారు. అవసరాల జాబితాలు పెరిగాయి, గడువులు జరిగాయి. 1995లో అమెరికన్ కాంగ్రెస్ తనిఖీ విభాగం ఈ ఆధునికీకరణను అధిక ప్రమాదం ఉన్న ప్రభుత్వ పథకాల జాబితాలో చేర్చింది. ఏవిప్స్ ఖర్చు 55 కోట్ల డాలర్లు దాటకూడదని గీత గీశారు.

ఒడ్డుకు చేర్చింది మరో చోట, పెద్ద ఆర్భాటం లేకుండా జరిగిన పని. కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో ప్రభుత్వానిదే ఒక చిన్న పరిశోధన బృందం 1980ల మొదటి నుంచీ సూచకుల కోసం తెరలు కట్టి చూస్తోంది. కట్టడం, నిజమైన సూచకులను పిలిచి నిజమైన మబ్బుల మీద వాడించడం, ఎక్కడ విసుక్కున్నారో రాసుకోవడం, మళ్ళీ కట్టడం. 1980ల చివరికి డెన్వర్ సూచన కార్యాలయంలోనే తమ వ్యవస్థను నడిపించారు. రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి ఏ పటం తర్వాత ఏ పటం చూస్తాడో వాళ్ళకు తెలుసు. ఒకే నొక్కుతో రాడార్ చిత్రం మీద ఉపగ్రహ చిత్రం, దాని మీద గాలి బాణాలు పడాలని తెలుసు. 1990ల నడుమ కాంట్రాక్టు సాఫ్ట్‌వేర్ నత్తనడక నడుస్తుంటే, వెదర్ సర్వీస్ ఈ బౌల్డర్ తెరనే ఏవిప్స్‌కు ఆధారంగా తీసుకుంది. 1999 నాటికి అది దేశమంతటి కార్యాలయాలకు చేరింది. అవసరాల పత్రం ఎంత లావుగా ఉన్నా, పక్కన కూర్చుని చూసినవాడికి తెలిసినంత దానికి తెలియదు. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న మన పిల్లలు ఈ సభలోనూ చాలామంది ఉన్నారు. వాళ్ళు ఒప్పుకుంటారనుకుంటాను.

ఏవిప్స్ వచ్చాక పని తీరే మారింది. రెండు మార్పులు చెబుతాను.

మొదటిది హెచ్చరిక. అంతకుముందు టోర్నడో హెచ్చరిక కౌంటీ మొత్తానికి ఇచ్చేవారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఒక మూల గాలి తిరుగుతుంటే మరో మూలన ఉన్నవాళ్ళూ నేలమాళిగలోకి దిగాల్సిందే. నాలుగుసార్లు అలా దిగి, ఏమీ జరగక పైకి వచ్చినవాడు ఐదోసారి దిగడు. వార్న్‌జెన్ అనే పనిముట్టులో సూచకుడు తుపాను కేంద్రాన్ని గుర్తించి, అది కదిలే దారిని చూపితే, ప్రమాదం ఉన్న మేరకు ఒక బహుభుజి గీసి, హెచ్చరిక పాఠాన్ని సాఫ్ట్‌వేరే రాసి పెడుతుంది. 2007 అక్టోబర్ 1 నుంచి తీవ్ర ఉరుములు, టోర్నడోల హెచ్చరికలు అధికారికంగా కౌంటీ సరిహద్దు వదిలి ఈ బహుభుజినే పట్టుకున్నాయి. దాన్ని గీయగల పనిముట్టు బల్ల మీద ముందే ఉండబట్టి కదా ఆ మార్పు సాధ్యమైంది!

రెండోది రోజువారీ సూచన. ఇదివరకు సూచకుడు వాక్యాలు రాసేవాడు. ఇప్పుడు గ్రిడ్ గడుల్లో ఉష్ణోగ్రతను, వాన అవకాశాన్ని సవరిస్తాడు, వాక్యాలు యంత్రం రాస్తుంది. దీని మీద సూచకులు బాగానే గొణిగారు. గంటలు గంటలు గడులకు రంగులు వేయడంతోనే సరిపోతోంది, ఆకాశం గురించి ఆలోచించే తీరిక ఏదీ అని. న్యాయమైన గొణుగుడే. అయితే ఆ గడుల వల్లనే ఏ ఊరికైనా, ఏ గంటకైనా సూచన దొరుకుతోంది. పోయినదేమిటో వచ్చినదేమిటో చూస్తే, ఈ బేరంలో జనానికే లాభం ఎక్కువని నాకనిపిస్తుంది.

2005లో రేథియాన్ సంస్థ చేతికి వ్యవస్థ వెళ్ళింది. సీ, ఫోర్ట్రాన్ వంటి భాషల్లో పేరుకున్న పాత కోడును తీసేసి జావాలో ఏవిప్స్ 2 రాయాలి. షరతు ఏమిటంటే లోపలంతా మారాలి, సూచకుడి కంటికి మాత్రం ఏదీ మారినట్టు కనిపించకూడదు. కాపురం ఉన్న ఇంటికి పునాది మార్చడం లాంటి పని. 2011లో తొలి కార్యాలయాలకు వెళ్ళిన ఆ మార్పు పూర్తికావడానికి ఏళ్ళు పట్టింది. ఒక్కో కార్యాలయంలో తుపాను తీరం గురించో, కొండ గాలుల గురించో స్థానికులు సొంతంగా రాసుకున్న చిన్న చిన్న ప్రోగ్రాములన్నీ మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఏ పత్రంలోనూ లేని తెలివి ఆ చిన్న ప్రోగ్రాముల్లో ఎంత దాగి ఉందో అప్పుడు బయటపడింది.

ఈ మార్పుతోనే ఒక పాత అలవాటు వదిలింది. టెలిటైప్‌కు పెద్దబడి ఇంగ్లీషు అక్షరాలే వచ్చు. అందుకని అమెరికా వాతావరణ సూచనలన్నీ పెద్ద అక్షరాల్లోనే వెలువడేవి. టెలిటైప్ పోయింది, అఫోస్ పోయింది, ఈమెయిల్ వచ్చింది, పెద్ద అక్షరాల్లో రాయడమంటే అరిచినట్టే అని లోకం అనుకోవడం మొదలైంది. అయినా మారలేదు. 1990ల నుంచీ మారుద్దామని పలుమార్లు ప్రతిపాదించారు. కానీ ఆ సందేశాలను అందుకునే చోట పాత పరికరాలు ఇంకా ఉన్నాయి, చిన్న అక్షరం వస్తే వాటికి అర్థం కాదు. చివరికి ఏవిప్స్ 2 ఉన్నందువల్ల 2016 మే 11న మూడు రకాల సందేశాలతో మామూలు అక్షరాలు మొదలయ్యాయి.

ఇప్పటి ప్రయత్నం ఏవిప్స్‌ను క్లౌడ్ మీదికి ఎక్కించడం. కారణం ఊహించడం కష్టం కాదు. 2020 ఆగస్టు 27న లారా హరికేన్ లూసియానాలోని లేక్ చార్లెస్ మీద పడ్డప్పుడు అక్కడి రాడార్ ధ్వంసమైంది. సిబ్బంది ముందే ఊరు ఖాళీ చేశారు. వాళ్ళ ప్రాంతం హెచ్చరికల బాధ్యత వేరే కార్యాలయాలు మోశాయి. మన విశాఖకు ఇది కొత్త సంగతి కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన డాప్లర్ రాడార్‌నూ పడుకోబెట్టింది. తుపాను ఎక్కడ పడుతుందో చెప్పాల్సిన కార్యాలయమే తుపాను దారిలో ఉంటుంది. సూచకుడు ఏ ఊరి నుంచైనా, ఒక ల్యాప్‌టాప్ నుంచైనా అదే తెర తెరుచుకోగలిగితే బాధ్యత తెగిపోదు.

మన భారత వాతావరణ శాఖ కూడా 2010కి అటూ ఇటూగా ఫ్రెంచి సంస్థ నుంచి సినర్జీ అనే వ్యవస్థను తీసుకుని ఒకే తెర మీద అన్నీ కలిపి చూడటం మొదలుపెట్టింది. కొన్న సాఫ్ట్‌వేర్‌ను నడపడం వేరు. మన ఉత్తర కోస్తా కొండల మీద కుండపోత ఎప్పుడు మొదలవుతుందో తెలిసిన వాళ్ళు దానిలో తమ చిన్న ప్రోగ్రాము చేర్చుకోగలగడం వేరు. రెండోదానికి కోడు చేతికి అందాలి. ఏవిప్స్ కోడు ఈ రోజు అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు ఉచితంగా అందుతోంది. మన విశ్వవిద్యాలయాల వాతావరణ శాస్త్ర విభాగాల్లోనూ విద్యార్థి ముందు అలాంటి తెర ఒకటి ఉండాలని, ఈ స్మారక నిధి పెద్దలు ఆ దిశగా ఒక్క ఉపకార వేతనమైనా ఆలోచించాలని ఈ వేదిక నుంచే అడుగుతున్నాను.