భ్రమరసంకేతము – గురూపదేశము



పెద్దదోర్నాల దాటి శ్రీశైలమునకు పోవు త్రోవ నల్లమల నడుమగా సాగును. ఆ క్షేత్రేశ్వరి భ్రమరాంబ. భ్రమరములను పుట్టించి అరుణాసురుని సంహరించిన తల్లియని దేవీభాగవతము చెప్పుచున్నది. చెంచులు తేనె తీయునదియు ఈ అడవియందే. కావున తుమ్మెదకు చుట్టమైన తేనెటీగను గూర్చి ఇచట విచారించుట సముచితము.

ఈ అడవిలో కొండముచ్చు పులిని చూచి కూయగా, క్రింద మేయు పొడదుప్పి చెవులు నిక్కించును. ఆ కూత గాలి కదలిక మాత్రమే. అందు పులి లేదు. అదే కూత బండఱాతిపై పడిన ఱాతికేమియు తెలియదు. కావున సమాచారమనునది ధ్వనికిని అర్థమునకును గల సంబంధమునందు, దానిని గ్రహించు జీవునియందు ఉన్నది. ఆ సంబంధము స్వాభావికమని మీమాంసకులును, సంకేతముచే ఏర్పడినదని నైయాయికులును వాదించిరి.

తేనెటీగ దీనికి చక్కని దృష్టాంతము. పూలను కనుగొన్న ఈగ పట్టునకు మరలివచ్చి నర్తించును. నిలువుగా పైకి సాగిన సూర్యుని దిక్కు. ఎంత ప్రక్కకు వాలిన సూర్యునికి అంత ప్రక్క. పొట్ట ఊపుచు నడచు కాలము హెచ్చిన దూరము హెచ్చు. ఈ భాషను విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ పండితునకు 1973లో నోబెల్ బహుమానమునందు భాగము లభించినది.

ఈ నాట్యము పుట్టుకతో వచ్చునా, నేర్చుకొనవలయునా? పెద్ద ఈగల నాట్యమును ముందుగా అనుసరించు అవకాశము లేని పిన్న ఈగలను పరీక్షించిన పరిశోధన యొకటి 2023లో వెలువడినది. అవియు నర్తించినవి, కాని తప్పులు మెండు. దిక్కు చూపుటలోని లోపము అనుభవముచే తగ్గినది. దూరము తెలుపుటలోని లోపము మాత్రము కడవఱకు పోలేదు. అనగా శక్తి స్వభావసిద్ధము, శుద్ధి ఉపదేశలబ్ధము. ఇరువాదములకును ఇచట చోటున్నది.

ఇది వేదములో ముందే కలదని మేము చెప్పబూనము. శాస్త్రజ్ఞుల శ్రమ శాస్త్రజ్ఞులదే. మన మెఱుగవలసినది వేఱొకటి. వేదస్వరమును మేము గురుముఖమున విని, పలుమాఱు వల్లించి నేర్చితిమి. స్వరచిహ్నములు పుస్తకమున గీతలు. వానికి ప్రాణము గురువుగారి కంఠము. వినవలసిన వయస్సు దాటిన పిదప ఎంత పఠించినను కొంత కొఱత మిగులును. ఇంటియందును అంతే. పెద్దలు సత్యము పలికిన పిల్లలు సత్యము నేర్తురు. అసత్యమాడిన దానినే భాషగా గ్రహింతురు.

కావున తల్లిదండ్రులారా! నేటి సాయంకాలమే బిడ్డలను చెంత కూర్చుండబెట్టుకొని మీరెఱిగిన స్తోత్రమొకటి నోటితో చెప్పుడు. వారు తప్పు పలికిన విసుగక మరల చెప్పుడు. శ్రీ భ్రమరాంబా మల్లికార్జునస్వామివారల అనుగ్రహము మనకందఱకు కలుగుగాక!