రెండు లక్షలు ఎందుకు రాలేదు?

2005 ప్రాంతంలో, వేడి సమస్యవల్ల ప్రాసెసర్ల క్లాక్ వేగం పెరగడం దాదాపు ఆగిపోయింది. అప్పటినుంచి ఒకే చిప్‌లో ఎక్కువ కోర్లు, అంటే లెక్కలు చేసే యూనిట్లు, పెడుతున్నారు. ఇవాళ చేతిలో ఫోన్‌కే ఎనిమిది కోర్లుంటున్నాయి. బీటెక్ పిల్లలకు మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే ప్రోగ్రాములే నేర్పుతూ ఉంటాం.

పనిని కోర్ల మధ్య పంచి ఒకేసారి చేయించే పారలల్ కంప్యూటింగ్ పాఠం ఒక చిన్న లెక్కతో మొదలుపెడితే బాగుంటుంది. ఒకే ప్రోగ్రాములో ఒకేసారి నడిచే రెండు పనులు, అంటే రెండు థ్రెడ్లు; వాటికి ఒకటే కౌంటర్. ఒక్కొక్కటీ లక్షసార్లు ఒకటి కలపాలి. కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆపేసి నడిపించండి. రెండు లక్షలు రావాలి కదా? ఒకసారి ఒక సంఖ్య, మరోసారి ఇంకో సంఖ్య, తరచూ రెండు లక్షలకు తక్కువే! ఉదాహరణకు, కౌంటర్లో 41 ఉన్నప్పుడు రెండు థ్రెడ్లూ ఒకేసారి దాన్ని చదివి, రెండూ 42 రాస్తాయి. ఒక కూడిక గల్లంతు. ఈ కంగారు పిల్లలు స్వయంగా పడాలి. అప్పుడే, ఒకసారికి ఒక థ్రెడ్డునే కౌంటర్ తాకనిచ్చే లాక్ ఎందుకో మనసుకెక్కుతుంది.

తర్వాత చెప్పాల్సింది, 1967లో కంప్యూటర్ ఇంజనీర్ జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదన. పనిలో పదోవంతు పంచుకోలేనిదైతే, వెయ్యి కోర్లు పెట్టినా వేగం పదిరెట్లు దాటదు. బోర్డు మీద లెక్క వేయించాలి.

ఇదంతా చివరి ఏడాది ఎలక్టివ్‌కి వదిలేయకూడదు. రెండో ఏడాదిలో, డేటా స్ట్రక్చర్లతోపాటే చెప్పాలి. సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. ల్యాబ్‌లో ఉన్న పీసీ, సీ భాష, పనిని థ్రెడ్లకు పంచే ఓపెన్ఎంపీ చాలు.