తుక్కునుండి గగనమునకు
(మునిర్కాలో జరిగిన సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



మునిర్కాలో నివసించు మనకు విమానముల ధ్వని కొత్తది కాదు. పాలములో దిగబోవు విమానము మన మేడల మీదుగా పోవునపుడు మాటాడువారు ఒక క్షణము ఆగి, అది దాటిన పిదప మాట మరల అందుకొందురు. ఈ ప్రసంగమునకు గూడ అట్టి విరామములు తప్పవు. ఎగురుచున్న విమానములను గూర్చి చెప్పుటకు నేనర్హుడను కాను. సాహిత్యము చదివి ఫైళ్లు చూచుకొనుచున్నవాడను. ఎగురుట మాని, తుక్కుగా నిర్ణయింపబడి, మరల లేచిన యుద్ధ విమానములను గూర్చి మాత్రము నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ విషయమున నాకు ఆసక్తి కలిగించినవారు మా నాన్నగారు. వారు 1960 దశకమున వైమానిక దళములో ఇంజను ఫిట్టరుగా పనిచేసి, లిబరేటరు విమానములకు సేవ చేసిరి. కొన్నేండ్ల క్రిందట వారిని పాలము వైమానిక దళ ప్రదర్శనశాలకు తోడ్కొనిపోయితిని. అచ్చటి లిబరేటరు ముందు చాలసేపు మౌనముగా నిలిచి, తుదకిట్లనిరి: “దీని ఒక్కొక్క ఇంజనుకు పద్నాలుగు సిలిండర్లురా. స్టార్టు చేసేముందు ప్రొపెల్లరును చేత్తో తిప్పాలి. లేకపోతే కింది సిలిండర్లలోకి దిగిన నూనె ఇంజనునే విరిచేస్తుంది. తిప్పుతుంటే ఎక్కడ బిగుసుకుందో చేతికి తెలుస్తుంది.”

ఆ విమానము అచ్చటికి చేరిన విధము వినదగినది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసినపుడు బ్రిటిషు వైమానిక దళము తన లిబరేటరు బాంబర్లను కాన్పూరులో విడిచిపోయెను. అవి అమెరికా వారు యుద్ధకాలపు ఒడంబడికపై ఇచ్చినవి. మరియొకరు వాడుకొనకుండుటకై వానిని బుద్ధిపూర్వకముగా పాడుచేసిరి. లోపలి సాధనములను పగులగొట్టిరి. ఇంజన్లలో ఇసుక పోసిరి. స్వతంత్ర భారతమునకు అప్పటికి భారీ బాంబర్లు లేవు. ఆ శిథిలములను బాగుచేయు పని బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు సంస్థకు వచ్చినది.

బెంగుళూరు పనివారు కాన్పూరు పోయి, ఒకదాని భాగములను మరియొకదానికి అమర్చి, ఒక్క ప్రయాణమునకు చాలునంతగా విమానములను సిద్ధపరచిరి. ఆ సంస్థ పరీక్షక వైమానికుడు జంషెడ్ కైకోబాద్ మున్షీ వానిని ఒక్కొక్కటిగా బెంగుళూరు చేర్చెను. వాయుమార్గమున అది సుమారు 1,500 కిలోమీటర్లు. సంపూర్ణమైన మరమ్మతు పిదపనే జరిగినది. 1948 నవంబరులో మొదటి విమానములు వైమానిక దళమునకు అందెను. ఇట్లు బాగుపడినవి నలుబదికి పైగా నుండెను. 1968 వరకు అవి సేవలో నిలిచినవి.

ఈ సాహసము ఎట్లు సాధ్యమైనది? 1940లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ఆ కర్మాగారము 1943 నుండి యుద్ధాంతము వరకు అమెరికా వైమానిక సేనకు మరమ్మతు కేంద్రముగా పనిచేసెను. ఇంజన్లు విప్పి కూర్చుట మనవారికి అచ్చట చేతిపనియైనది. లోహము కాన్పూరులో పడియున్నది. దానిని బ్రదికించు విద్య బెంగుళూరు చేతులలో ఉన్నది. రెండును కలిసినపుడే విమానము లేచినది.

దీని ఫలము మన దేశమును దాటిపోయినది. లిబరేటర్లు 18 వేలకు పైగా నిర్మింపబడినను, యుద్ధానంతరము అమెరికాలో వానిని అత్యధికముగా తుక్కు చేసిరి. తుదకు ప్రదర్శనశాలలకు కావలసి వచ్చినపుడు వారు మనవైపు చూచిరి. మన సేవలో నుండినవానిలో ఒకటి 1969లో అరిజోనాకును, ఒకటి 1974లో ఇంగ్లండునకును ఎగిరిపోయినవి. శిథిలావస్థలో కొనిపోబడిన మరియొకటి అమెరికాలో పునర్నిర్మింపబడి 1989లో మరల ఎగిరినది. చేసినవారు పోగొట్టుకొన్నదానిని, తుక్కుగా పొందినవారు కాపాడిరి.

ఇక డకోటా. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు సైనికులను ఢిల్లీ నుండి శ్రీనగరము చేర్చినవి ఈ విమానములే. మరుసటి సంవత్సరము మే నెలలో మెహర్ సింగ్ గారు పదకొండు వేల అడుగులకు పైబడిన లేహ్‌లో దింపినదియు డకోటాయే. ఐర్లండులో తుక్కుగా పడియున్న ఒక డకోటాను రాజీవ్ చంద్రశేఖర్ గారు సేకరించి, ఇంగ్లండులో బాగుచేయించి, వైమానిక దళమునకు కానుకగా ఇచ్చిరి. వారి తండ్రిగారు డకోటా వైమానికులు. 1944 నాటి ఆ విమానము 2018 ఏప్రిల్‌లో ఇంగ్లండు నుండి స్వయముగా ఎగిరి జామ్‌నగరు చేరినది. మే 4న హిండన్‌లో దానికి స్వాగతము జరిగినది. పేరు పరశురామ.

దానిపై నున్న వీపీ 905 అను సంఖ్య శ్రీనగరము పోయిన విమానమునకు చెందినది. ఈ విమానము వేరు. ఇది మోసమా యని మీరడుగవచ్చును. కాదని నా మనవి. తుప్పుపట్టిన రేకు మార్చుచు, రివెట్లు కొత్తవి వేయుచు పోయినచో ఏ పాత విమానమందైనను మొదటి లోహము కొంతయే మిగులును. మిగులవలసినది దానిని నడుపు విద్య, దాని కథ.

నిలిపియుంచుట గూడ పనియే. మన విశాఖ సముద్రతీరమున 2017 డిసెంబరు నుండి నౌకాదళపు టీయూ-142 విమానమును చూచుచున్నాము. ఉప్పుగాలి లోహమును తినివేయును. ప్రారంభోత్సవము ఒక్కనాటిది, తుప్పు గోకి రంగు వేయుట ప్రతియేటిది.

నా తప్పు ఒకటి చెప్పి ముగించెదను. పూర్వమొక కార్యాలయమున పాత యంత్రముల మరమ్మతు పుస్తకములను నిరుపయోగములని వ్రాసి తొలగింపించితిని. నియమము తప్పలేదు, కాని వానిని చదువగలవారెవరైన నున్నారా యని అడుగలేదు. ఇంటిలోను అదియే చేసితిని. నాన్నగారి మాటలు వ్రాసికొనవలెనని పాలము నుండి వచ్చుచు తలంచితిని. మూడు మాసములకే వారు గతించిరి. ప్రొపెల్లరు తిప్పు సంగతి తప్ప నా యొద్ద నేమియు లేదు.

మన సంఘమున విశ్రాంత సైనికులు, రైల్వే, తంతితపాలా ఉద్యోగులు ఎందరో కలరు. వారి చేతులెరిగిన విద్యను ఏటేట నాలుగు పుటలైనను మన సంచికలో ప్రకటింపవలెనని కార్యవర్గమును కోరుచున్నాను. వ్రాయలేనివారు చెప్పిన చాలును. వ్రాసికొనుటకు నేను వచ్చెదను.